డబ్బా అడుగు

టెచిమాన్ సంతలో మొక్కజొన్నల్ని
ఎవరూ కిలోల్లో అడగరు.
ఓలోంకా అంటారు.
ఒకప్పుడు ఏదో సరుకు నింపుకొచ్చిన రేకు డబ్బా,
ఇప్పుడు ఊరందరి ఆకలికీ అదే కొలత.

నేను కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్ని, సెలాసీ డోగ్బే.
నా సంచిలో ఒక ఇత్తడి పాత్ర, ఒక రసీదు పుస్తకం.
నా ముందు ముందు నడిచేది
నన్ను చూసి సంత సర్దుకునే చప్పుడు.

డబ్బాని నిలబెట్టి చూస్తే ఏమీ తెలియదు.
బోర్లించి అడుగు చూడాలి.
సుత్తితో లోపలికి కొట్టిన రేకు
నవ్వే బుగ్గ మీది సొట్టలా ముద్దుగానే ఉంటుంది.
ఆ సొట్ట రెండు గుప్పెళ్ళు మింగుతుంది.
డబ్బాకి రెండు గుప్పెళ్ళు,
రోజుకి రెండు వందల డబ్బాలు,
మిగతా లెక్క మీరే వేసుకోండి.
పైన మాత్రం గుట్టలా పోసి
ఇంకో చిటికెడు కొసరు వేసి
"నీ కోసమే అక్కా" అంటాడు బ్వాచీ.
కొనేవాళ్ళు కొసరునే చూస్తారు.
అడుగు సంగతి ఎవరూ అడగరు.

పక్క వరసలో యా డుఫీ.
ఆమె డబ్బా అడుగు చదును.
అందుకే ఆమె ధర ఒక సెడి ఎక్కువ.
అందుకే ఆమె దగ్గర ఈగలే బేరమాడతాయి.

మేమున్నది కొనేవాళ్ళ కోసమని
మా కార్యాలయం గోడ మీద రాసుంటుంది.
ఆ మధ్యాహ్నం దాకా నేనూ అంతే అనుకున్నాను.
"వాళ్ళకి పోయింది రెండు గుప్పెళ్ళు,
నాకు పోయింది సంత" అంది డుఫీ.

బ్వాచీ డబ్బా లాక్కున్నాను. జరిమానా రాశాను.
అక్కడితో అయిపోతే ఇది కవిత కాదు, నివేదిక.

డుఫీ డబ్బాకీ ముద్ర లేదు మరి.
ఏదీ, అన్నాను.
ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది:
సున్యానీ దాకా ట్రోట్రో, పోనూ రానూ,
కిటికీ దగ్గర ఫారం, ఫారం నింపే కుర్రాడికి ఏదో ఒకటి,
సారు లేరు, సోమవారం రా,
మళ్ళీ ట్రోట్రో,
ముద్రకి రుసుము, రెండు రోజులు మూసిన కొట్టు.
"నా డబ్బా సరైనదని నాకు తెలుసు.
అది నీకు తెలియడానికి నేనెందుకింత కట్టాలి?
బ్వాచీ అయితే కట్టగలడు,
అతని తరఫున అతని సొట్ట కడుతుంది."

ఆ తర్వాత నా ఇత్తడి పాత్రని చేతిలోకి తీసుకుని
తీరిగ్గా బోర్లించింది.
తుడిచి తుడిచి అరిగిన అంకెలు,
దాన్ని ఆఖరుసారి సరిచూసిన తేదీ.
అప్పటికి మా అమ్మాయికి పళ్ళు రాలేదు.
ఇప్పుడది బడికెళ్తోంది.

సంత నవ్వింది. నవ్వదా?
సొట్ట లేదు, నిజమే.
లేదని చూపడానికి కాగితమూ లేదు.
రసీదు పుస్తకం మూసి
ఆమె జరిపిన పీట మీద కూలబడ్డాను.

ఇప్పుడు గురువారం గురువారం
కార్యాలయమే సంతకొస్తుంది,
ఒక గొడుగు నీడంత కార్యాలయం.
రుసుము ఒక డబ్బా మొక్కజొన్నల ఖరీదు.
ఆ ఒక్క అంకె కోసం పైకి పద్నాలుగు ఉత్తరాలు రాశాను.
ముందు నా పాత్ర, దాని కాగితం మేకుకి.
చదవొచ్చినవాళ్ళు చదువుతారు,
రానివాళ్ళు చదివించుకుంటారు.
తర్వాతే వాళ్ళ డబ్బాలు.

మూడో వారం బ్వాచీ వచ్చాడు కొత్త డబ్బాతో.
అడుగు చదును.
కొసరు మాత్రం మానేశాడు.

మొన్న వానలకి ముందు
ఒక్క రాత్రిలో ధర పెరిగింది,
అన్ని వరసల్లో, ఒక్కలాగే,
డుఫీ దగ్గర కూడా.
ప్రతి డబ్బా మీదా నా ముద్రే.
ఏది బోర్లించాలో తెలియక
గొడుగు కింద నిలబడిపోయాను.

డుఫీ నా వైపు చూడలేదు.
డబ్బా అంచు మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి
ఒక్క గింజ ఎక్కువ కాకుండా
నెమ్మదిగా తోస్తోంది.